పాత వంటిల్లు, నలభై మంది సుట్టాలు: మా చివ్వెంల ఇంట్లో ఏం మార్చినం, ఏం మార్చలేదు

ఈరోజు ఎపిసోడ్ మా ఇంటి నుంచే చేస్తున్న. చివ్వెంల, సూర్యాపేట పక్కనే. ఎనక కనిపిస్తున్నది మా వంటిల్లు. మొన్న రీల్ పెడితే "అన్నా, ఎట్ల మార్చిన్రు? గోడ పగలగొట్టిన్రా?" అని చాలామంది అడిగిన్రు. రీల్‌లో చెప్పే ముచ్చట కాదు కాబట్టి ఇట్ల కూర్చున్న.

అసలు ఎందుకు మార్చినమో ముందు చెప్పాలి. 2025 ఫిబ్రవరిలో 16 నుంచి 20 దాకా పెద్దగట్టు జాతర అయింది కదా. తెలియని వాళ్ల కోసం చెప్తున్న: దురాజ్‌పల్లి గుట్ట మీద లింగమంతుల స్వామి, చౌడమ్మ తల్లి జాతర. రెండేండ్లకు ఒకసారి, మాఘమాసంలో వస్తది. తెలంగాణలో మేడారం తర్వాత అంత పెద్ద జాతర ఇదే అంటరు. దురాజ్‌పల్లి మా మండలమే. హైదరాబాద్ నుంచి, ఖమ్మం నుంచి వచ్చే సుట్టాలకు మా ఇండ్లే సత్రాలు. గుట్ట ఎక్కి దిగి, ఇంటికొచ్చి దావత్ చేసుకొని, సాయంత్రం బండ్లెక్కుతరు.

ఆ రోజు మా ఇంట్లో పెద్దా చిన్నా కలిసి నలభై మంది. నేను ఫోన్‌లో వరుసగా తీస్తనే ఉన్న. వారం తర్వాత ఎడిటింగ్‌కు కూర్చొని క్లిప్పులన్నీ చూస్తే, మేనత్తలున్నరు, పెద్దబాపు ఉన్నడు, నిన్నగాక మొన్న పెండ్లయిన వదిన కూడా ఉన్నది. అమ్మ ఒక్క క్లిప్‌లో లేదు. గొంతు మాత్రం ఉన్నది, లోపటి నుంచి. "అన్నం సరిపోయిందా?" అని ఒకసారి, "ఇంకో గిన్నె పచ్చిపులుసు తీస్కపోరా" అని ఇంకోసారి. అంతే.

ఇగ వంటిల్లు మార్చాలని అక్కడ అనుకున్న.

నేను మొదట అనుకున్నది మాత్రం మొత్తం తప్పు. యూట్యూబ్‌లో చూసిన ఓపెన్ కిచెన్ నా తలకాయలో ఉన్నది. వంటింటికీ ముందు అర్రకూ నడిమిట్ల ఉన్న గోడ తీసేస్తే అయిపోతది, అమ్మ అందరితోని ఉంటది అనుకున్న. ఈ ముచ్చట అమ్మకు చెప్తే ఒక్క మాట అన్నది: "అందరి ముంగట నేను చెమటలు కక్కుకుంట, కొంగు బొడ్లో చెక్కుకొని నిలబడాల్నా?"

నిజమే కదా. ఆమెకు మాటలు వినబడాలి, నవ్వులు వినబడాలి, కానీ వండేటప్పుడు అందరూ చూసుడు వద్దు. పొంగిన పాలు, కింద పడ్డ ఉల్లిపొట్టు, కడగని గంజులు అన్నీ ముందు అర్రలో కూర్చున్న వియ్యంకుల కండ్లల్ల పడుడు ఎవరికి ఇష్టం ఉంటది? అందుకే ఎవరైనా వంటిల్లు మార్చే ముందు ఫోన్‌లో ఫొటోలు చూసుడు పక్కకు పెట్టి, వండే మనిషిని అడగండి. ఇంట్లో నాన్న వండితే నాన్నను అడగండి.

రెండో సంగతి సుతారి చెప్పిండు. ఆ గోడ మీద దూలం కూర్చున్నది. కొత్త ఇండ్లల్ల పిల్లర్లు, బీములు బరువు మోస్తయి కాబట్టి నడిమి గోడ తీసినా చాలాసార్లు ఏం కాదు. పాత పెంకుటింట్ల పిల్లర్లే ఉండయి. పెంకుల బరువు వాసాల మీద, వాసాల బరువు దూలం మీద, దూలం బరువు గోడ మీద. గోడ తీస్తే కప్పు కిందికొస్తది, అంతే లెక్క. మీ ఇంట్లో ఏ గోడ మీద దూలం ఆనిందో తెలవాలంటే అటక ఎక్కి టార్చ్ వేసి చూడండి. తెల్వకపోతే ఇంజనీర్‌ను పిలిచి చూపియ్యండి. గోడల విషయంలో "ఏం కాదులే" అనే మేస్త్రీ మాట వినకండి.

అసలు పాత వంటిల్లు ఎందుకు ఇట్ల ఇంటెనక, చీకట్ల, చిన్న కిటికీతోని ఉంటది? ఊరికే కట్టలేదు వాళ్లు. కట్టెల పొయ్యి కాలం అది. పొగ ముందు అర్రలకు రావొద్దు, నిప్పురవ్వలు పడితే వాసాలు అంటుకోవద్దు, అందుకని వెనక్కి జరిపిన్రు. వంట మొత్తం కింద కూర్చొనే. పొయ్యి కింద, రోలు కింద, కూరగాయలు కోసే కత్తిపీట కింద. తర్వాత గ్యాస్ వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం పెట్టినంక ఊర్లల్ల ఆడవాళ్లకు కనెక్షన్లు బాగా వచ్చినయి. స్టవ్ వచ్చింది గానీ వంటిల్లు మారలేదు. గోడకు ఒక బండ ఆనిచ్చి, దాని మీద స్టవ్ పెట్టి, కింద సిలిండర్ నిలబెట్టిన్రు. కూర్చొని వండే గదిలో నిలబడి వండుడు మొదలైంది. మన పాత వంటిండ్ల ఇబ్బందుల్లో సగం ఇక్కడివే. వెలుగు కూర్చున్న మనిషికి తగ్గట్టు, కిటికీ కూర్చున్న మనిషికి తగ్గట్టు, గూళ్లు కూడా అట్లనే.

మరి ఇప్పుడు అందరూ వేయించుకునే మాడ్యులర్ కిచెన్ ఎక్కడిది? దాని తాతమ్మ లాంటిది జర్మనీలో ఉన్నది. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో కొత్తగా కడుతున్న ఇండ్ల కోసం ఒక వంటగది గీసింది. రైల్లో వంట చేసే డబ్బా ఎంత ఇరుకుగా ఉన్నా పని ఎట్ల నడుస్తదో చూసి, అడుగులు లెక్కపెట్టి గీసింది. దాదాపు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు. అట్లాంటివి పది వేల దాకా కట్టిన్రు. మంచి ఆలోచనే. కానీ అది ఒక్క మనిషి వండేటందుకు గీసిన గది. ఇద్దరు పడితే మోచేతులు తగులుతయి. మన దగ్గర జాతర రోజు వంటింట్ల ఎంతమంది ఉంటరు? అమ్మ, చిన్నమ్మ, ఇద్దరు వదినలు, "నేను ఉల్లిగడ్డ కోస్తా" అని వచ్చి ముచ్చట పెట్టే పక్కింటి పెద్దమ్మ. షోరూమ్‌లో చూసిన డిజైన్ బాగలేదని కాదు, అది మన దావత్ కోసం గీసింది కాదు, అంతే.

అందుకే మేం ముందు ఒక కాగితం మీద మామూలు రోజు ఎంతమందికి వండుతం, ఎక్కువలో ఎక్కువ ఎంతమందికి వండుతం అని రాసుకున్నం. మామూలు రోజు నలుగురం. జాతరకు, దసరాకు నలభై. మనిషికి నూటయాభై గ్రాముల బియ్యం వేసుకున్నా నలభై మందికి ఆరు కిలోలు. ఆరు కిలోల బగారన్నం వండే గంజు ఇంటి స్టవ్ మీద కూర్చోదు. కూర్చోబెట్టినా పక్క బర్నర్ మూసుకుపోతది, మంట అంచులకు అందదు, నడుమ మాడి పక్కలు పలుకు ఉంటయి. ఏడాదిలో మూడు నాలుగు రోజుల కోసం లోపటి వంటిల్లును పెద్దగ చేసుడు దండగ. రెండు వంటిండ్లు కావాలి. లోపట రోజువారీది, ఎనక వాకిట్ల రేకుల షెడ్డు కింద పెద్ద పొయ్యి.

ఎనక పొయ్యి మా నాయినమ్మ కాలందే, దాన్నే సాపు చేసినం. మూడు పక్కల నడుమెత్తు ఇటుక గోడ, పైన రేకులు, కింద నాపరాయి. పక్కనే ఎత్తు తక్కువ బండ, దాని మీద నల్లా. పెద్ద గంజులు సింకులో పట్టవు, అందుకే ఈ బండ. కింద కూర్చొని తోముకోవచ్చు, నీళ్లు నేరుగా అరటిచెట్ల మొదట్లకు పోతయి. మొత్తం పనిలో తక్కువ ఖర్చు అయింది దీనికే, ఎక్కువ పనికొచ్చింది కూడా ఇదే.

ఇగ ఆ గోడ సంగతి. తీయలేదు. రెండు దూలాలకు నడిమిట్ల, అంటే పైన దూలం ఆనని చోట చూసి, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు కిటికీ కొట్టినం. కొట్టే ముందే అటు ఇటు జాకీలు పెట్టి కప్పును మోపిన్రు. పైన కాంక్రీటు లింటెల్, మట్టిగోడ కాబట్టి రెండు పక్కలా అడుగుకు తక్కువ కాకుండా లోపలికి కూర్చోబెట్టిన్రు. గోడ మందం అడుగున్నర ఉంటది, ఆ మందం మీద గ్రానైట్ పలక వేస్తే చక్కటి అరుగు అయింది. అన్నం గిన్నె లోపట నుంచి ఇటు జరిపితే ముందు అర్రలో ఉన్నోళ్లు తీస్కుంటరు. మాట్లాడుకోవచ్చు, టీవీ కూడా కనబడుతది. దానికి రెండు రెక్కల తలుపు ఉన్నది. గడియ అమ్మ వంటింటి దిక్కే పెట్టించింది. ఎప్పుడు తీయాలో, ఎప్పుడు మూయాలో ఆమె ఇష్టం.

కెమెరా ఇటు తిప్పు తమ్ముడూ... ఆ, ఈ పూత చూడండి. సగం గోడకు పెచ్చులు లేసినయి కదా. ఇది పాత తప్పు, పదేండ్ల కింద మట్టిగోడకు సిమెంటు పూత వేసిన్రు. మట్టిగోడ తేమను పీల్చుకుంటది, మళ్లీ వదులుతది. సిమెంటు దాన్ని లోపటనే ఆపుతది. కొన్నేండ్లకు పూత విడిపోయి ఊడుతది. దానికి సున్నం పూతే సరిపోతది. సింకు, నల్లాలు మాత్రం మట్టిగోడకు పెట్టనే వద్దు. మేం సింకును బయటి ఇటుక గోడ దిక్కు జరిపినం.

ప్లాట్‌ఫాం ఎత్తు. దీని గురించి ఎవరూ అడగరు, కానీ నడుం నొప్పులు వచ్చేది ఇక్కడే. అందరూ 34 అంగుళాలు అని కట్టేస్తరు. వండే మనిషిని నిలబెట్టి, మోచెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవండి. దానికి నాలుగైదు అంగుళాలు తక్కువ ఉంటే కోసుడుకు, కలుపుడుకు బాగుంటది. మా అమ్మ ఐదడుగులు. మోచెయ్యి 37 అంగుళాలకు వచ్చింది, కాబట్టి కోసే దిక్కు 32. స్టవ్ దిక్కు అంతే ఎత్తు పెడితే తప్పయితది. ఎందుకంటే స్టవ్ ఐదు అంగుళాలు ఉంటది, దాని మీద గిన్నె ఎనిమిది పది అంగుళాలు. గంటె తిప్పాలంటే భుజం లేపాల్సి వస్తది. అందుకే స్టవ్ కింది భాగం 28కి దించినం. సుతారికి నచ్చలేదు, "మెట్టు లెక్క ఉంటది, సూపుకు బాగుండదు" అన్నడు. సూపుకు బాగుండుడు ఎవరికి కావాలి?

జొన్న రొట్టె మాత్రం అమ్మ నిలబడి కొట్టదు, కిందనే కూర్చుంటది. అందుకని ఒక మూలకు నాలుగడుగుల నేల ఖాళీగా వదిలినం, కింద ఏ అల్మారీ లేదు. పండుగ రోజు పిండివంటలకు నలుగురు కూర్చునేది కూడా అక్కడే. ప్లాట్‌ఫాంకు, ఎదురు గోడకు నడిమిట్ల కూడా నాలుగడుగులు ఉన్నది. మూడు అడుగులు ఉంటే ఒక్కరికే సరి, ఎనక నుంచి ఇంకొకరు వేడి గిన్నె పట్టుకొని పోవాలంటే నాలుగు కావాలి.

పైన ఏ రాయి వెయ్యాలి అని చాలామంది అడిగిన్రు. గ్రానైట్ వేయండి. పాలరాయి వద్దు, నిమ్మకాయ రసం, చింతపండు పులుసు పడితే మచ్చ పోదు, రాయినే తింటది. మన షాబాద్, తాండూరు, కడప బండలు కూడా సున్నపురాయి జాతివే, వాటికీ అదే గతి. నేలకు, అరలకు వేసుకోండి, మంచిగుంటయి, పైన మాత్రం వద్దు. నల్లగా మెరిసే గ్రానైట్ కంటే కొంచెం చుక్కల రంగు తీస్కోండి. మన బోరు నీళ్లు ఆరితే నల్ల రాయి మీద తెల్ల మరకలు తప్ప ఇంకేం కనబడవు.

కింద అల్మారీలకు కర్ర పెట్టలేదు మేం. కడప బండలు నిలబెట్టి అరలు చేసి, ముంగట అల్యూమినియం తలుపులు బిగించినం. పాత ఇంట్ల చెదలు ఎక్కడ నుంచి వస్తయో చెప్పలేం. మీకు కర్రదే కావాలంటే ప్లైవుడ్ మీద అచ్చు చూడండి. ఐఎస్ 710 అని ఉంటే నీళ్లను బాగా తట్టుకునే మెరైన్ రకం, సింకు కింద అదే వాడాలి. ఐఎస్ 303లో మళ్లీ రెండు రకాలున్నయి, బీడబ్ల్యూఆర్ అని ఉన్నది తీస్కోండి. పొట్టు అతికించి చేసే పార్టికల్ బోర్డు చౌకగా వస్తది, కానీ ఒకసారి తడిస్తే ఉబ్బిపోతది, మళ్లీ దిగదు.

గాలి, వెలుగు. పైన బెంగుళూరు పెంకులు కాబట్టి రెండు పెంకులు తీసి వాటి చోట గాజు పెంకులు వేసినం. పగటిపూట లైటు అక్కర్లేదు. పొగకు ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్టవ్ పైభాగంలో పెట్టినం. దీంట్ల ఒక చిక్కు ఉన్నది. ఫ్యాన్ పక్కనే కిటికీ తెరిచి ఉంటే అది ఆ కిటికీ గాలినే గుంజి బయటికి తోస్తది, గదిలో పొగ ఎక్కడిదక్కడే ఉంటది. గాలి ఎదురు దిక్కు నుంచి రావాలి, గది దాటుకుంట పోవాలి. చిమ్నీ కొనేటోళ్లు బయటికి పైపు ఉన్నదే కొనండి. పైపు లేనిది నూనెను కొంత పడుతది, వేడిని, ఆవిరిని తిరిగి మీ మొఖం మీదికే వదులుతది.

గ్యాస్ గురించి రెండు మాటలే, కానీ ఇవి దాటేయకండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకయితే పైకి పోదు, నేల మీద పేరుకుంటది. అందుకే సిలిండర్‌ను ప్లాట్‌ఫాం కింద పెట్టి తలుపులు బిగిస్తే కింది భాగంలో గాలి కంతలు ఉండాలి. సిలిండర్ ఎప్పుడూ నిలబడే ఉండాలి, గుంతల్ల పెట్టొద్దు. ఆరంజ్ రంగు సురక్ష పైపు మీద తేదీ ఉంటది, ఐదేండ్లకు మార్చాలి. దావత్ రోజు "దగ్గర లేదు" అని పైపుకు పైపు అతికించి లాగేటోళ్లను చూసిన, అది మాత్రం చేయకండి. వాసన వస్తే స్విచ్చులు ముట్టుకోవద్దు, తలుపులు తెరిచి బయటికొచ్చి 1906కు ఫోన్ చేయండి.

కరెంటు పని కూడా అదే అదనులో చేయించుకోండి, గోడలు మళ్లీ మళ్లీ తొలవరు కదా. ఇండక్షన్ స్టవ్ రెండు వేల వాట్లు ఉంటది. దానికి 16 ఆంపియర్ల సాకెట్, బోర్డు నుంచి వేరే వైరు కావాలి. తడి చేతుల పని కాబట్టి ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్తింగ్ చూపియ్యండి.

నీళ్లు. ఇది మన ఉమ్మడి నల్గొండోళ్లకు వేరే కథ. ఫ్లోరైడ్ గురించి మీకు నేను చెప్పే పని లేదు, మన తాతల కాళ్లు చూసినోళ్లమే. బోరు నీళ్లు మరగబెడితే సూక్ష్మజీవులు చస్తయి గానీ ఫ్లోరైడ్ పోదు. మా ఇంట్ల రెండు నల్లాలు, తాగుడుకు మిషన్ భగీరథది, కడుగుడుకు బోరుది. మాకు తెలుసు ఏది ఏదో. సుట్టాలకేం తెలుసు? జాతర రోజు పిల్లలు వంటింట్లకు ఉరికొచ్చి, ఏ నల్లా అందితే ఆ నల్లా కింద గ్లాసు పెట్టిన్రు. అందుకే తాగే నల్లాను వంటింట్ల నుంచి తీసి బయట వరండాలో పెట్టినం, పిల్లల ఎత్తుకు, కింద చిన్న తొట్టి కట్టి. దీనితోని రెండు లాభాలు. తప్పు నీళ్లు తాగరు, వేడి నూనె ఉన్న చోటికి పిల్లలు రారు. చిన్న మార్పు, కానీ మొత్తం పనిలో నాకు బాగా నచ్చింది ఇదే.

మురికి నీళ్ల పైపు వాలు చూసుకోండి, నాలుగడుగులకు అంగుళం లెక్క దిగాలి. సింకు కింద వంపు పైపు తప్పకుండా ఉండాలి. ఆ వంపులో నిలబడే నీళ్లే మోరీ వాసనను, బొద్దింకలను ఆపుతయి. మటన్ వండిన గిన్నె కొవ్వును సింకులో పొయ్యకండి, చలికాలం గడ్డ కట్టి పైపు మూసుకుపోతది. ఇది నేను నా చేతులతోని తీసి నేర్చుకున్న.

పని మొత్తం ఎండకాలంలో పెట్టుకున్నం, పెంకులు దించే పని కాబట్టి వానలు పడకముందే కావాలి. అప్పటి దాకా వంట ఎనక షెడ్డులోనే. ఇదొక చిట్కా అనుకోండి: బయటి పొయ్యి ముందు కట్టండి, లోపటి వంటిల్లు తర్వాత విప్పండి. లేకపోతే నెల రోజులు హోటల్ తిండే.

దసరాకు మొదటి పరీక్ష అయింది. ఇరవై మందికి పైనే వచ్చిన్రు. బగారన్నం, మటన్ ఎనక పొయ్యి మీద. అక్కడ మా చిన్నబాపు, నేను. పచ్చిపులుసు, పెరుగు, రొట్టెలు లోపట. తినేటప్పుడు అమ్మ ఆ కిటికీ పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నది. రెక్క ఒకటి తెరిచి, ఒకటి మూసి. నేను ఫోన్ అటు తిప్పితే "నన్నేం తీస్తున్నవురా, అటు మీ అత్తమ్మకు అన్నం పెట్టు" అన్నది. ఆ క్లిప్పే రీల్‌లో పెట్టిన.

అన్నీ కుదరలేదు. గాలి పడమటి నుంచి కొడితే ఎనక పొయ్యి పొగ పక్కింటోళ్ల వాకిట్లకు పోతున్నది. వాళ్లు మొఖం మీద ఏం అనలేదు గానీ, ఆరేసిన బట్టలు తీస్కొని లోపటికి పోయిన్రు. రేకుల మీది నుంచి పొగగొట్టం ఇంకో నాలుగడుగులు లేపాలి. 2027 జాతర లోపు అది చేయించాలి. మీ ఇంట్ల బయటి పొయ్యికి పొగగొట్టం పెట్టినోళ్లు ఎవరన్నా ఉంటే ఎంత ఎత్తు పెట్టిన్రో, మూత ఎట్లాంటిది వేసిన్రో చెప్పండి. ఉంటా మరి, అమ్మ పిలుస్తున్నది.